జుమేరాత్ బజార్‌లో పేరున్న చెంబు

హైదరాబాద్‌లో పాత వస్తువుల మీద మక్కువ ఉన్నవాళ్లకు వారంలో రెండు రోజులు ముఖ్యం. ఆదివారం అబిడ్స్, కోఠి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు, ఎర్రగడ్డ సంతలో మిగతా సామానంతా. గురువారం మాత్రం జుమేరాత్ బజార్. పురానాపూల్ నుంచి బేగంబజార్ వైపు వచ్చే దారిలో, ధూల్‌పేట పక్కన, రోడ్డు వారగా టార్పాలిన్లు పరిచి గుట్టలు పోస్తారు. 1578లో కుతుబ్‌షాహీలు మూసీ మీద కట్టిన వంతెన అక్కడికి దగ్గరే. కానీ ఆ బజారుకు వచ్చేవాళ్ల కళ్లు వంతెన మీద ఉండవు, నేల మీదే ఉంటాయి.

నాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నాకు ఈ బజారు అలవాటు చేసింది నా స్నేహితురాలు. పుట్టి పెరిగింది బేగంబజార్ గల్లీల్లో. తెలుగు, దక్కనీ, మార్వాడీ మూడూ ఒకే వాక్యంలో కలిపి బేరం చేయగలదు. వాళ్ల నాన్నగారికి ఉర్దూ మీడియం చదువు కాబట్టి పాత నాణేల మీద అక్షరాలు చదవడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఏ గుట్టలో ఏముంటుందో, ఎవరి మాట నమ్మొచ్చో, ఎవరితో మాట్లాడటమే దండగో ఆమెకు తెలుసు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు అక్కడ కనబడేది తుక్కు. తుప్పు పట్టిన స్పానర్లు, ఒంటి కాలి చెప్పులు, రిమోట్లు, ఫ్యాన్ రెక్కలు, ఎవరివో పాత కళ్లజోళ్లు, పని చేయని మిక్సీలు. ఆ మధ్యలో ఎక్కడో ఒక కంచు గిన్నె, ఒక రాతెండి పళ్లెం, పాన్‌దాన్ మూత, లాంతరు, ఇత్తడి తాళం, మర్ఫీ రేడియో డొల్ల. కళ్లు అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది. అందుకే మేం ముందు ఒక చుట్టు ఊరికే తిరుగుతాం. ఏదీ ముట్టుకోం. "జల్ది చెయ్యి పెట్టకు. పట్టుకున్నవంటే నీకు నచ్చిందని వానికి తెల్సిపోతది, ఇగ రేటు దిగడు" అంటుంది ఆమె. చూసినవి గుర్తు పెట్టుకుని రెండో చుట్టులో కూర్చుంటాం. అవును, కూర్చోవాలి. నిలబడి అడిగేవాడికి ఒక ధర, గుట్ట ముందు గొంతుక్కూర్చుని వస్తువును తిప్పి చూసేవాడికి ఇంకో ధర.

సంచిలో మేం పెట్టుకెళ్లేవి కొన్నే. ఒక అయస్కాంతం ముక్క, భూతద్దం, చిన్న టార్చి, ఒక నీళ్ల సీసా, పాత నూలు గుడ్డ, చిల్లర నోట్లు. ఆమె దగ్గర నగల షాపుల్లో వాడేలాంటి బుల్లి తూకం మిషన్ కూడా ఉంటుంది. ఈ మధ్య చాలామంది ఫోన్‌లో డబ్బులు తీసుకుంటున్నారు గానీ, బేరం చివర్లో చేతిలో నోటు కనబడితే పని త్వరగా తెములుతుంది.

ఈ సామానంతా ఎక్కడి నుంచి వస్తుందని నేను మొదట్లో అందరినీ అడిగేదాన్ని. పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు అటకల మీద నుంచి దింపినవి కొన్ని. పెద్దవాళ్లు పోయాక పిల్లలు ఏదో ఊళ్లో, ఏదో దేశంలో ఉండి, ఇల్లు ఖాళీ చేయించినప్పుడు గంపగుత్తగా అమ్మేసినవి కొన్ని. వీధుల్లో తిరిగే పాత సామాన్లవాళ్లు కిలోల లెక్కన కొన్నవి కొన్ని. ఇది కొత్తగా మొదలైంది కూడా కాదు. మా చిన్నప్పుడు స్టీలు సామాన్ల బండి వీధిలోకి వస్తే అమ్మలు, అమ్మమ్మలు బరువైన ఇత్తడి బిందెలూ గుండిగలూ ఇచ్చి, తళతళలాడే స్టీలు క్యారియర్లు తీసుకునేవాళ్లు. తోమే కష్టం తప్పిందని సంబరపడ్డారు. ఆ సంబరం తప్పు కాదు. రోజూ చింతపండు పెట్టి తోమిన చేతులకే ఆ బరువు తెలుసు.

నా బాధ వస్తువు అమ్ముడుపోవడం గురించి కాదు. ఇల్లు దాటిన క్షణం నుంచి దాని సంగతి చెప్పేవాళ్లు ఉండరు. ఏ ఊరిది, ఎవరి పెళ్లిలో వచ్చింది, అందులో ఏం వండేవాళ్లు, ఏదీ మిగలదు. మూడు చేతులు మారేసరికి అది "బ్రాస్ ఐటమ్" అయిపోతుంది. అందుకని మేం వెతికేది ఎక్కువగా ఒక గుర్తు ఇంకా మిగిలి ఉన్న వస్తువులే. పేరు, తేదీ, ముద్ర, చిల్లికి అతుకు వేసిన మాటు, గీత, ఏదో ఒకటి. పాతదనం ఒక్కటే అయితే మాకు పెద్దగా ఆసక్తి లేదు.

ఆ రోజు ముందు దొరికింది సోల, బియ్యం కొలిచే పాత కొలపాత్ర. పాత తాళాల గుట్టలో, తలకిందులుగా. ఇత్తడిది, అడుగు కాస్త వెడల్పు, నడుం మీద రెండు పట్టీలు. అమ్మేవాడు చిన్న కుర్రాడు, దాన్ని "పెన్ స్టాండ్" అని చెప్పి అమ్ముతున్నాడు. నాకు చూడగానే తెలిసింది. మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఇలాంటిదే ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఈ లెక్క మా నాయనమ్మ నోట్లో ఎక్కాల కంటే ముందు పలికేది. నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. "ఇది పావుసేరు. మా దిక్కు సేరు, అద్దసేరు, పావుసేరే" అంది. అక్కడే వాదించుకున్నాం. నిజానికి ఇద్దరిదీ రైటే కావచ్చు. సేరు ఊరూరికీ మారేది, మానిక జిల్లా జిల్లాకూ మారేది. ఆ గందరగోళం పోవాలనే 1956లో చట్టం చేసి, 1958 అక్టోబర్ నుంచి మెట్రిక్ తూకాలు, కొలతలు తెచ్చారు. దాంతో మన కొలపాత్రలన్నీ బజారులో చెల్లకుండా పోయి, బియ్యం డబ్బాల్లో మాత్రం మిగిలాయి. అంచు కింద భూతద్దం పెట్టి చూస్తే అరిగిపోయిన ముద్ర లాంటిది ఒకటి కనబడింది గానీ చదవడానికి వీలు కాలేదు. కుర్రాడికి అది కొలపాత్ర అని చెప్పాం. చెబితే ధర పెంచుతాడని తెలుసు, యాభై పెంచాడు కూడా. అయినా చెప్పాలి. వాడి దగ్గరకు ఇంకోటి వస్తే పెన్ స్టాండ్ అనకుండా సోల అంటాడు.

ఇక చెంబు సంగతి.

ఒక ముసలాయన ఏటవాలుగా పడే నీడలో ఇత్తడి సామాను పెట్టుకుని కూర్చుంటాడు. మాటలు తక్కువ. "క్యా హోనా అమ్మా?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంటాడు. ఆయన గుట్టలో ఒక మరచెంబు నల్లగా, కిలుం పట్టి, మూత బిగుసుకుపోయి ఉంది. మరచెంబు అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను: మెడ దగ్గర మరలుండి, మూత తిప్పి బిగించే చెంబు. పైన పట్టుకోవడానికి కడియం లాంటి పిడి. రైలు ప్రయాణానికి నీళ్లు, తీర్థయాత్రలో గంగ, పొలానికి మజ్జిగ, అన్నిటికీ అదే. ప్లాస్టిక్ సీసా రాకముందు తెలుగువాళ్ల ప్రయాణమంతా ఆ చెంబుతోనే సాగింది.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని గుడ్డతో ఒక పక్క రుద్దాను. నలుపు కింద చుక్కలు కనబడ్డాయి. ఇంకాస్త రుద్దితే చుక్కలు అక్షరాలయ్యాయి. పాత రోజుల్లో పెళ్లి సామాను మీద పేర్లు కొట్టేవాళ్లు ఉండేవాళ్లు. చిన్న ఉలి, చిన్న సుత్తి, కింద ఒక దిమ్మ. గీత గీయరు, చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతారు. వేలితో తడిమితే చదవచ్చు. ఈ చెంబు మీద ముందు ఇంటిపేరు, తర్వాత ఒక ఆడమనిషి పేరు, దాని కింద ఊరు, ఆ కింద 1952, మే నెల తేదీ. వైశాఖం, పెళ్లిళ్ల కాలం. 'క'కు తలకట్టు మరీ పెద్దగా, 'మ్మ'లో వత్తు కాస్త పక్కకు జరిగి ఉంది. కొట్టినవాడికి చోటు సరిపోలేదని తెలుస్తోంది, చివరి అక్షరాలు చిన్నవై పిడి కిందకు దూరాయి. ఊరు మా తెనాలి నుంచి పెద్ద దూరం కాదు. ఆ పేరు, ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఇంటివాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు.

కృష్ణా డెల్టాలో పెళ్లికి కొన్న చెంబు మూసీ ఒడ్డుకు ఎలా వచ్చిందో ఆ ముసలాయనకు తెలియదు. ఒక ఇంటి సామాను మొత్తం కొన్నవాడి దగ్గర ఈయన కొన్నాడు. ఆయనకు తెలిసింది అంతే.

కొనే ముందు చూడాల్సినవి చూశాం. అయస్కాంతం అంటుకోలేదు. ఇనుప రేకు మీద ఇత్తడి పూత వేసినవి ఈ మధ్య బాగా వస్తున్నాయి, అయస్కాంతం ముందు అవి నిలవవు. తర్వాత మూత. మరచెంబుల్లో చెంబు ఒకటి, మూత ఇంకోటి కావడం మామూలే. పాతవాటికి మరలు చేత్తో తీసినవి కాబట్టి ఒకదాని మూత ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. ముసలాయనే రెండు చుక్కలు నూనె వేసి, గుడ్డ చుట్టి, ఓపికగా తిప్పి మూత తీశాడు. మరలు అరిగాయి గానీ మెత్తగా తిరుగుతున్నాయి, ఈ చెంబుదే. మా సీసాలోని నీళ్లు చెంబులో పోసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకున్నాం. మెడ దగ్గర చెమ్మ రాలేదు. అడుగున ఒకచోట మాటు వేసి ఉంది, అక్కడ కూడా గట్టిగానే ఉంది. చివరగా గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా సాగింది. పగులుంటే శబ్దం టప్‌మని ఆగిపోతుంది.

ఆయన పద్దెనిమిది వందలు అన్నాడు. ఆమె తూకం వేసింది. ఇత్తడి తుక్కు ధర లెక్క కట్టి, దాని మీద ఎంతిస్తే న్యాయమో నాతో తెలుగులో అనుకుని, ఆయనతో దక్కనీలో మొదలుపెట్టింది. "ఇత్తా నక్కో చాచా, ఆఖ్రీ బోలో." ఆయన పదిహేను వందలన్నాడు. ఆమె వెయ్యి అంది. ఆయన తల అడ్డంగా ఊపి చెంబును మళ్లీ గుట్ట మీద పెట్టేశాడు. మేం లేవలేదు. నేను ఆ అక్షరాలు చూపించి, ఆ ఊరు మా ఊరి దగ్గరదని చెప్పాను. ఆయన చెంబు తీసుకుని, తను చదవలేని ఆ చుక్కల మీద బొటనవేలు ఆనించి చూశాడు. "ఆప్కే గావ్ కా హై?" అన్నాడు. పన్నెండు వందలకు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయనే చెప్పాడు, పాలిష్ వేయించవద్దని.

ఈ మాట నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పాత ఇత్తడి కొన్నవాళ్లు చేసే మొదటి పని పాలిష్ షాపుకు తీసుకెళ్లడం. అక్కడ తిరిగే చక్రానికి ఆనించి అద్దంలా చేసి ఇస్తారు. కొన్నిచోట్ల ముందు యాసిడ్‌లో ముంచుతారు. కంటికి బాగుంటుంది, కానీ చుక్కల అక్షరాల లోతు ఎంత? వెంట్రుక మందం. చక్రం రెండు మూడు సార్లు తిరిగితే పేరు మాయమవుతుంది. ఆ పేరు ఇంకెక్కడా రాసి ఉండకపోవచ్చు. 1952లో పెళ్లయిన ఒక ఆడపిల్ల పేరు బళ్లో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పొలం కాగితాల్లో అసలే ఉండదు. చెంబు మీద మాత్రం ఉంది. చింతపండు పులుసు, ముగ్గుపిండి, కొబ్బరి పీచు చాలు. నలుపు పోతుంది, పేరు ఉంటుంది. అక్షరాల సందుల్లో కొంచెం నలుపు మిగిలితే చదవడానికి ఇంకా సులువు.

అదే రోజు ఫ్రేముల దగ్గర ఆగాం. ఇది నాకు ఎప్పుడూ కష్టంగా ఉండే చోటు. పాత టేకు ఫ్రేములకు గిరాకీ ఉంది, కెఫేలవాళ్లు, ఇంటీరియర్ పనివాళ్లు కొంటారు. ఫ్రేములో ఫొటోతో ఎవరికీ పని లేదు. స్టూడియోలో కుర్చీ పక్కన నిలబడ్డ పెళ్లికూతురు, కోటు వేసుకున్న గుమస్తా, బడి ముందు వరసగా కూర్చున్న పిల్లలు. వెనక మేకులు పీకి, ఫొటో పక్కన పడేసి, ఫ్రేమ్ అమ్ముతారు. ఆ ఫొటోల అట్ట మీద స్టూడియో పేరు, ఊరు అచ్చు వేసి ఉంటాయి. వెనక పెన్సిల్‌తో ఎవరో రాసిన పేర్లూ కొన్నిటికి ఉంటాయి. నా స్నేహితురాలు ఆ అమ్మే ఆయనతో ఒక ఒప్పందం చేసుకుంది. విడదీసిన ఫొటోలు పారేయకుండా ఒక సంచిలో వేస్తాడు, మేం వెళ్లినప్పుడు ఎంతో కొంత ఇచ్చి తీసుకుంటాం. ఆ సంచిలో ఈసారి ఒక పెద్ద కుటుంబం ఫొటో వచ్చింది. మధ్యలో ముసలమ్మ ఒళ్లో పసిబిడ్డ కదిలి ముఖం మసకబారింది, మిగతా అందరి ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి. స్టూడియో పేరు సగం చిరిగింది, "సికింద్రాబాద్" వరకే మిగిలింది. దాన్ని యాసిడ్ లేని కాగితంలో పెట్టి దాచింది ఆమె. లామినేషన్ మాత్రం చేయించకూడదు. వేడికి ఫొటో పాడవుతుంది, మళ్లీ విడదీయడం కుదరదు.

గడియారాల వైపు ఇద్దరమూ త్వరగానే దాటేస్తాం, అయినా అడిగేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. అక్కడ ఎక్కువగా కనబడేది హెచ్‌ఎంటీ జనతా. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ చేతిగడియారాల తయారీ మొదలైంది. చేత్తో కీ ఇచ్చే జనతా ఇంటింటా ఉండేది. ఇప్పుడు గుట్టల్లో ఉన్నవాటిలో చాలావాటికి డయల్ మళ్లీ రంగేశారు. నారింజ, చిలకపచ్చ రంగుల్లో మెరిసిపోతుంటే అనుమానించాలి. అంకెలు గీతలకు ఎదురుగా ఉన్నాయో లేదో, అక్షరాల అంచులు పాకాయో లేదో భూతద్దంలో చూస్తే తెలిసిపోతుంది. లోపలి మిషన్ మంచిదే అయితే పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. పాతదని ఎక్కువ మాత్రం ఇవ్వకూడదు. ఆల్విన్ గడియారం కనబడితే మాత్రం నా స్నేహితురాలు ఆగుతుంది. మన హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో చేసినవి. వాళ్ల బంధువుల్లో ఒకాయన అందులో పనిచేశారు. ఆమెకు అది ఇంటి వస్తువు లాంటిది.

గ్రామఫోన్ల దగ్గర అస్సలు ఆగకండి. పెద్ద ఇత్తడి పువ్వు గొట్టం, కొత్త పాలిష్ పెట్టె, దాని మీద కుక్క బొమ్మ ఉన్న రేకు, ఇవి ఎక్కువగా కొత్తగా తయారు చేసినవే. గొట్టం అతుకులు చూసినా, పెట్టె లోపలి చెక్క వాసన చూసినా తెలుస్తుంది. పాత రికార్డులు మాత్రం నిజమైనవే దొరుకుతాయి. బరువుగా, నల్లగా ఉండే 78 ఆర్‌పీఎం రికార్డులు లక్కతో చేసినవి, జారితే పింగాణీలా పగులుతాయి. ఒక వైపు మూడు నిమిషాల పాటే. అందుకే పద్యనాటకాలు రికార్డుల మీద రికార్డులుగా సెట్లుగా వచ్చేవి. సెట్టు మొత్తం ఎప్పుడూ దొరకదు. రాయబారం మొదలైన రికార్డు ఒక గుట్టలో ఉంటే, ముగిసినది ఏ ఊళ్లో ఉందో!

నాణేలలో ఆమె దగ్గర నేను నేర్చుకున్నది హాలీ సిక్కా గురించి. నిజాం రాజ్యపు సొంత రూపాయి అది. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు వచ్చేవి. రాజ్యం భారతదేశంలో కలిశాక కూడా కొన్నేళ్లు చెల్లింది. వెండి రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. మధ్య ద్వారంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం చూడాలి. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలం, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలం. సంవత్సరం హిజ్రీలో, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ లెక్కలో ఉంటుంది. అసలు రూపాయి తూకం పదకొండు గ్రాముల పైన కొద్దిగా, 11.18. నకిలీవి చాలావరకు తూకంలో తేలిపోతాయి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటే అది పోత పోసింది. ఆ రోజు చూపించిన రూపాయి తొమ్మిదిన్నర గ్రాములు తూగింది. ఆమె ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది. గొడవ పెట్టుకుంటే వచ్చే వారం మన ముఖం చూసి మంచి సరుకు దాచేస్తారని ఆమె లెక్క.

విగ్రహాల జోలికి పోకూడదన్నది మా ఇద్దరికీ నియమం. రాతివైనా, పంచలోహాలవైనా, గుడి నుంచి వచ్చినట్టు అనిపిస్తే ఫొటో కూడా తీయం, బేరం అడగం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువులు, చేతిరాత గ్రంథాలైతే డెబ్బై అయిదేళ్లు దాటినవి పురావస్తువుల కిందకు వస్తాయి, వాటిని దేశం దాటించకూడదు. అమెరికా నుంచి వచ్చిన బంధువులు "ఏదైనా పాతది చూసిపెట్టు, తీసుకెళ్తాం" అన్నప్పుడల్లా నేను ఇది చెబుతుంటాను. అంత పాతది కాదని పురావస్తు శాఖ దగ్గర పత్రం తీసుకునే వీలుంది, విమానాశ్రయంలో గాభరా పడే కంటే అది మేలు. బిల్లు లేని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కూడా వద్దు. ఎవరి దగ్గర కొట్టేసిందో తెలియని వస్తువు ఇంట్లో ఎందుకు?

చెంబును వాడుకలోకి తేవాలంటే లోపల కళాయి, అంటే తగరం పూత, వేయించాలి. ఒట్టి ఇత్తడిలో మజ్జిగ, చింతపండు నీళ్లు లాంటి పులుపు పెడితే కిలుం దిగుతుంది. పాత మాటులో సీసం ఉండే అవకాశమూ ఉంది. కళాయి వేసేవాళ్లు ఇప్పుడు బాగా తగ్గిపోయారు. బేగంబజార్ వెనక ఒక గల్లీలో ఒకాయన ఇంకా వేస్తున్నాడు, ఆమె తీసుకెళ్లింది. ఆయన ముందు లోపలంతా ఇసుకతో రుద్ది కడిగాడు. బొగ్గుల కొలిమి మీద చెంబును పటకారుతో పట్టుకుని తిప్పుతూ కాల్చాడు. సరిగ్గా కాలిందని తెలియగానే చిటికెడు నవసారం లోపల చల్లాడు. తెల్లటి పొగ ఒక్కసారిగా లేచింది, ముక్కు మండింది. తగరం కడ్డీ కొన లోపల ఆనిస్తే వెన్నలా కరిగి జారింది. వెంటనే దూది ఉండతో, చెంబును గుండ్రంగా తిప్పుతూ, ఆ కరిగిన తగరాన్ని గోడలంతా పూశాడు. నల్లటి లోపలి భాగం ఆయన చెయ్యి వెళ్లిన దారినే వెండిలా తెల్లబడుతూ వచ్చింది. నీళ్లలో ముంచితే చుయ్‌మంది. మొత్తం పని టీ తాగేంత సేపు పట్టలేదు. పైన పేరు దగ్గర మంట ఎక్కువ తగలకుండా చూడమని ముందే చెప్పాం. ఆయన నవ్వి, "పేరు నాకు కూడా కనబడుతది అమ్మా" అన్నాడు.

ఇంటికి రాగానే మేం చేసే చివరి పని ఒకటుంది. ఆమె ఒక నోట్‌బుక్ పెట్టింది. వస్తువు ఏది, ఎక్కడ, ఏ తేదీన, ఎవరి గుట్టలో, ఎంతకు కొన్నాం, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, దాని మీద ఏం రాసి ఉంది. రాతను ఉన్నది ఉన్నట్టు, వత్తు తప్పినా దిద్దకుండా, ఎక్కిస్తాం. దాని మీద పలుచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి పక్క పేజీలో అంటిస్తాం. మా తర్వాత ఈ చెంబు ఎవరి చేతికి వెళ్లినా కనీసం ఈ మజిలీ వరకైనా తెలుస్తుంది.

చెంబు ఫొటో మా మేనమామకు పంపాను. ఆయన ఆ ఊళ్లో తెలిసినవాళ్లను అడిగాడు. ఆ ఇంటిపేరువాళ్లు ఇప్పుడు ఊళ్లో లేరట. ఒక కుటుంబం విజయవాడలో ఉందని, వాళ్ల పెద్దమ్మ పేరు అదే అయి ఉండొచ్చని ఎవరో చెప్పారు. ఫోన్ నంబర్ కోసం చూస్తున్నాం. పెన్సిల్ అచ్చు ఇంకోటి తీసి, వాళ్లకు పంపడానికి కవర్లో పెట్టి ఉంచాను. వాళ్లు అడిగితే చెంబే ఇచ్చేద్దామంది నా స్నేహితురాలు. నేను సరేనన్నాను. కళాయి డబ్బులు కూడా అడగొద్దని ఆమె అంది, దానికీ సరేనన్నాను.